కావలికుక్కకు తగిన ఆటవస్తువు – దానిని ఎన్నుకొను విధము

రైతునకు ఎద్దులును నాగలియును ఎట్లో, అడవి ప్రక్కనున్న చేనికి కుక్కయు అట్లే. మక్కజొన్న కంకి పాలు పోసికొన్న నాటినుండి కోత ముగియువఱకు అడవిపందుల బెడద తప్పదు. మంచెమీద కూర్చుండి రాత్రియంతయు డబ్బా వాయించు మనుష్యుడు ఒక కునుకు తీసినను, క్రింద పండుకొన్న కుక్క చెవి మాత్రము నిదురపోదు. గొల్ల, కురుమ సోదరుల మందలకు సయితము కుక్కయే రెండవ కాపరి. ఇట్టి జంతువును గూర్చి ఈ పత్రికలో వ్రాసినచో ఎవరికిని వింతగా తోచదు. కాని కుక్క ఆడుకొను వస్తువును గూర్చి వ్రాయుటయా అని కొందఱు నవ్వవచ్చును. నవ్వినను కడవఱకు చదువుడని మా ప్రార్థన.

మే మెఱిగిన ఒక రైతు ఇంట మోతి యను కుక్క యుండెను. మూడేండ్ల మగకుక్క, బలమైనది, చుఱుకైనది. విసరిన దేనినైనను నేల తాకకముందే పట్టి తెచ్చుట దాని గొప్ప. పిల్లలు రాయి విసరినను, మామిడి టెంక విసరినను, ఖాళీ సీసా విసరినను తెచ్చి కాళ్లయొద్ద పెట్టెడిది. ఊరివారందఱు మెచ్చుకొనుచుండిరి. ఒకనాటి వేకువ ఎవరో అడవిపందికై కొవ్వు పూసి గట్టుమీద ఉంచిన నాటుబాంబును అది నోట పట్టినది. దవడ పగిలి, పశువైద్యశాలకు చేర్చులోగానే ప్రాణము విడిచినది. మేము పలుకరింప బోయినప్పుడు ఆ రైతు చెప్పిన మాట ఇది: "గుండ్రంగ ఏది కనపడ్డా తెమ్మని మేమే నేర్పితిమి, సారూ."

ఆ మాట మమ్ము చాల దినములు విడువలేదు. కుక్కకు ఆట నేర్పుట తప్పు కాదు. ఏ వస్తువుతో ఆడవలెనో, ఏ వస్తువును ముట్టరాదో నేర్పకపోవుటయే తప్పు. ఆ తప్పు మనలో పెక్కుమంది ఇండ్లలో ప్రతిదినమును జరుగుచున్నది. దానిని గూర్చి తెలిసినంతమట్టుకు ఇందు వివరింప దలచితిమి.

ఆట యెందుకు?

తిరిగెడి కాలు ఊరకుండదని సామెత. కావలికుక్క పుట్టుకచేతనే పరుగెత్తునది, తఱుమునది, నోట పట్టి తెచ్చునది. పంట చేనిలో నున్న దినములలో దానికి పని యుండును. కోత లయిన పిమ్మట, వేసవి నెలలలో, దానిని ఇంటియొద్ద గుంజకు కట్టివేయుదుము. అప్పుడు లోపలి బలము వెలికి రాక మానదు. చెప్పులు కొఱుకును, ఎండిన తోలుపట్టెలు నమలును, బిందుసేద్యపు సన్నని గొట్టములను చీల్చివేయును. ఒక వరుస గొట్టము చెడినచో రైతునకు ఎంత నష్టమో వేఱుగ చెప్ప నక్కఱలేదు. విడిచిపెట్టినచో కోళ్లను తఱుమును, గొఱ్ఱెపిల్లలమీద పడును. అప్పుడు కుక్కను కొట్టుదుము గాని, దానికి పని కల్పింపని మన లోపమును ఎఱుగము.

అడవి దగ్గఱి గ్రామములవారికి ఇంకొక చిక్కు కలదు. కవ్వాల అభయారణ్యము 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది. అది పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని అడవులలో వ్యాపించియున్నది. పనిలేని కుక్కలు గుంపుగా అడవి జొచ్చి దుప్పులను, కుందేళ్లను తఱుమును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వేట నేరము. కుక్కలను ఉసికొల్పి వేటాడించుటయు వేటయే. అంతియ కాక, మన కుక్కల జబ్బులు అడవి జంతువులకును, అడవి జంతువుల జబ్బులు మన కుక్కలకును అంటును. కావున కుక్క బలమును ఇంటిముంగిటనే, మన కన్నులయెదుట ఖర్చు చేయించుట మేలు. విసరి తెప్పించు ఆటకంటె దీనికి సులభమైన సాధనము వేఱొకటి లేదు. పది నిమిషముల ఆట, గంటసేపు గొలుసుతో త్రిప్పిన నడకకు తీసిపోదు.

మన చేలలో దొరకు వస్తువులు – వాని ప్రమాదములు

ఆటవస్తువు కొనుటకు ముందు, మనము ఊరక విసరుచున్న వస్తువులను ఒక్కటొక్కటిగ విచారింతము.

రాయి: ఇది అన్నింటికంటె చెడ్డది. ఎదిగిన కుక్కకు 42 పండ్లుండును. పైదవడలో ఇరుప్రక్కల నుండు పెద్ద కోతపన్ను ఎముకను సయితము చీల్చగలదు. కాని రాతిని పట్టినప్పుడు ఆ పన్నే పెచ్చుగా ఊడును. లోపలి నరము బయటపడి, చీము పట్టి, కంటిక్రింద వాపు తేలును. కుక్క మేత మానినప్పుడు మనము కడుపుజబ్బు అనుకొందుము. జబ్బు పంటిలో నుండును. చిన్న రాళ్లను మ్రింగుటయు కలదు.

కఱ్ఱపుల్ల, వెదురు: విసరిన కఱ్ఱ నేలలో నిట్టనిలువుగ నాటుకొనవచ్చును. వేగముగ వచ్చు కుక్క దానిమీద నోరు వేసినచో గొంతులో గుచ్చుకొనును. వెదురు మఱియు చెడ్డది. దాని పేళ్లు సూదులవలె చీలి చిగుళ్లలోను నాలుకక్రిందను దిగును. ఇంకొక మాట. ఇంటిముంగిటి గన్నేరు కొమ్మ, అడవిలోని ముష్టి కొమ్మ ఎప్పుడును విసరరాదు. గన్నేరు చెట్టున ప్రతి భాగమును విషమే. ముష్టి గింజలోని విషమునకు కుక్క మిక్కిలి త్వరగా లోబడును.

మక్కబెండు, మామిడి టెంక: కరీంనగరు ప్రాంతమున మక్కజొన్న, జగిత్యాల ప్రాంతమున మామిడి ఎక్కువ. గింజలు ఒలిచిన బెండ్లను, రసము పీల్చిన టెంకలను పిల్లలు కుక్కలకు విసరుచుందురు. బెండు కుక్క కడుపులో అరుగదు. ఒక ముక్క ప్రేగులో అడ్డుపడినచో శస్త్రచికిత్స తప్ప వేఱు మార్గ ముండదు. టెంకయు అట్టిదే. ఈ రెండును పెంటకుప్పకు పోవలసినవే గాని కుక్కనోటికి కాదు.

పురుగుమందు సీసా, డబ్బా: పత్తిచేనిలో మందు చల్లిన పిమ్మట ఖాళీ సీసాను గట్టుమీద పడవేయుట మనలో అలవాటు. దానిని కుక్క తెచ్చి ఇంటిముంగిట నమలును. పిల్లవాడు దానిని మరల విసరును. ఒక్క సీసా కుక్కకును పిల్లవానికిని అపాయము. ఖాళీ సీసాలను మూడుమార్లు కడిగి, ఆ నీటిని చల్లుడు యంత్రములోనే పోసి, సీసాకు చిల్లులు పొడిచి, ఇంటికి దూరముగ భద్రపఱచి, సేకరించువారి కీయవలెను. అట్లే ఎరువుగ వాడు ఆముదపు చెక్క వాసనకు కుక్కలు ఎగబడును. అదియును విషమే, ఆ సంచి ముక్కలతో ఆట వలదు.

ఎముక: ఉడికిన ఎముక పేళ్లుగ విఱుగును. ఆ పేళ్లు గొంతును ప్రేగులను చీల్చును. పండుగనాడు మిగిలిన ఎముకలు కుక్కకు వేయుట ప్రేమ యనిపించును గాని, మఱునాడు అది కదలలేక పడియున్నప్పుడు ఆ ప్రేమ పనికిరాదు.

ఇక మోతిని బలిగొన్నట్టి నాటుబాంబు సంగతి. దానిని చేయుటయు, దాచుటయు, పెట్టుటయు నేరమే. పందికని పెట్టినది కుక్కను, ఆవును, పసిపిల్లను ఎంచి చూడదు. చేని చుట్టును కరెంటు తీగ పెట్టుటయు అట్టిదే. ఇట్టివి కంటబడినచో చేతితో ముట్టక, కుక్కను దూరముగ కట్టి, పోలీసులకు గాని అటవీశాఖవారికి గాని వెంటనే తెలుపవలెను.

నాలుగు పరీక్షలు

అంగడిలో కొన్నను, ఇంట చేసికొన్నను, బలమైన కుక్కకు ఇచ్చు వస్తువు ఈ నాలుగు పరీక్షలకు నిలువవలెను.

మొదటిది కాఠిన్య పరీక్ష. వస్తువుమీద బొటనవ్రేలి గోటితో గట్టిగ నొక్కవలెను. కొంచెమైనను గుంట పడినచో పంటికి తగినది. గోరు ఏమాత్రమును దిగనిచో అది పంటిని విఱుచును. మఱియొక విధము: ఆ వస్తువుతో మన మోకాటిచిప్పమీద కొట్టుకొన జంకుదుమా? జంకినచో అది కుక్కపంటికిని తగదు. పెక్కుమంది "గట్టి వస్తువు మన్నును" అని భ్రమపడుదురు. మన్నవలసినది వస్తువు మాత్రమే కాదు, పన్నును మన్నవలెను. సాగుచు, వంగుచు, మరల తన రూపమునకు వచ్చునదే నిజముగ మన్నిక గలది.

రెండవది పరిమాణ పరీక్ష. కుక్క నోరు పూర్తిగ తెఱచినప్పుడు వస్తువు కోఱపండ్ల వెనుకకు జారిపోరాదు. జారినచో గొంతున పడి ఊపిరి నిలుచును. టెన్నిసు బంతి అడ్డుకొలత ఇంచుమించు ఆరున్నర సెంటీమీటర్లు. ఇది చిన్న కుక్కకు చాలును గాని పెద్ద కావలికుక్క దవడలో నొక్కుకొని గొంతులో ఇఱుకవచ్చును. సందేహమున్నచో పెద్దదానినే ఎన్నుకొనవలెను. చిన్న కుక్కకు పెద్ద బంతి ఇచ్చినచో అది మోయలేకపోవును. పెద్ద కుక్కకు చిన్న బంతి ఇచ్చినచో ప్రాణమే పోవును.

మూడవది అతుకుల పరీక్ష. కన్నులు, గుండీలు, గంటలు, మేకులు, కుట్లు, అతుకులు లేని ఏకఖండమైన వస్తువు మేలు. కుక్క ముందుగ వెదకునది అతుకునే. అది ఊడిన వెంటనే ముక్క కడుపులోనికి పోవును.

నాలుగవది వాసన, రంగుల పరీక్ష. ఘాటైన రసాయనపు వాసన వచ్చునది, తడిగుడ్డతో తుడిచినచో రంగు అంటునది కొనరాదు. కుక్క దానిని చేతితో పట్టదు, నాలుకతో పట్టును.

ఏ పదార్థము మేలు?

కొయ్య: మన ప్రాంతపు కొయ్యబొమ్మ లనగానే నిర్మలు బొమ్మలు తలపునకు వచ్చును. అవి పొణికి కఱ్ఱతో చేసినవి. పొణికి తేలికయైన మెత్తని కఱ్ఱ. శిల్పి ఉలి పోయిన చోట్లకెల్ల వంగును గనుకనే దానితో పండ్లు, పక్షులు, జంతువులు అంత అందముగ రూపొందును. చింతగింజల జిగురు, రంపపు పొట్టు, రంగులు వానికి సొబగు చేకూర్చును. ఆ మెత్తదనమే కుక్క నోటిలో దోషము. ఒక్క కాటుకు పొట్టుపొట్టగును. బొమ్మ గోడగూటిలో నుండవలసినది, కుక్కకు కాదు. తుమ్మవంటి గట్టి కఱ్ఱయు పనికిరాదు. గోటి పరీక్షలో నిలువదు.

రబ్బరు: నాలుగు పరీక్షలకును నిలుచునది ఇదియే. పచ్చి రబ్బరు ఎండలో జిగటయై చలిలో పెళుసయ్యెడిది. అమెరికా దేశస్థుడైన చార్లెసు గుడియరు 1839లో గంధకము కలిపి వేడిచేయు విధమును కనుగొన్న పిమ్మట అది సాగునట్టి, నిలుచునట్టి పదార్థమైనది. కుక్కల ఆటకు రబ్బరు వచ్చిన కథయు వినదగినది. 1970ల దశకమున అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున జో మార్ఖం అను నతని కుక్క రాళ్లు నమలి పండ్లు పాడుచేసికొనుచుండెను. అతడు మోటారుబండి బాగుచేయుచు, బండి కుదుపు తగ్గించు రబ్బరు ముక్క నొకదానిని దూరముగ పెట్టగా కుక్క రాళ్లు మాని దానిని పట్టుకొన్నదట. నమలినను చెడలేదు, విసరినప్పుడు వంకరటింకరగ ఎగిరినది. ఆ ఆకారముననే అతడు తరువాత బోలు రబ్బరు బొమ్మలు చేసి అమ్మెను. అవి నేడు దేశదేశములలో దొరకుచున్నవి. రాయి నమలు కుక్కకు మందు దెబ్బ కాదు, రాతికంటె రుచియైన వస్తువని ఆ కథ వలన తెలియును.

అట్లని మన బండిటైరు ముక్క నీయవచ్చునా అని అడుగుదురు. ఈయరాదు. టైరులోపల ఉక్కుతీగలును, నైలాను దారములును ఉండును. సైకిలు టైరు అంచులలోను తీగ కలదు. కొంత నమలిన పిదప ఆ తీగ చిగుళ్లను కోయును, దారము కడుపులోనికి పోవును. ట్యూబు ముక్కయు సన్నని చీలికలుగ ఊడును. పట్టణములో దళసరి గోడ గల రబ్బరు బంతిని గాని, కడ్డీవంటి బొమ్మను గాని కొనుట మేలు. బోలుగ నున్న బంతికి రంధ్రములు రెండు ఉండవలెను. ఒకటే రంధ్రమున్నచో లోపలి గాలి పీల్చుకొని కుక్క నాలుక అందు చిక్కుకొనును. నాలుక వాచి, ఊపిరాడక కష్టపడు స్థితి వచ్చును. కొనునప్పుడు ఈ ఒక్క సంగతి మఱువవలదు.

టెన్నిసు బంతి: పైనున్న నూగు ఇసుకను పట్టుకొని గరుకు కాగితమువలె పండ్లను అరగదీయును. అప్పుడప్పుడు విసరుటకు చిన్న కుక్కకు ఫరవాలేదు; నమలుటకు ఈయరాదు.

క్రికెట్టు బంతి: 150 గ్రాములకు మించిన బరువు, తోలుపై కుట్టు, లోన బెండు. దెబ్బ తగిలినచో పన్ను ఊడును. చీల్చినచో దారమును బెండును మ్రింగును. బంతి పాతబడిన పిమ్మట కుక్కకు వేయుట పిల్లల అలవాటు, మాన్పవలెను.

ప్లాస్టికు: చౌకయే గాని పెళుసు. పగిలిన అంచు కత్తివలె నుండును.

తాడు: కాటుకు మెత్తన, పంటికి హాని చేయదు, ఇంటనే చేసికొనవచ్చును. దీని దోషము పోగులు. ఊడిన పోగులను కుక్క మ్రింగినచో అవి ప్రేగులలో దారమువలె సాగి, ప్రేగును ముడుచుకొనజేయును. ఈ విషయమున మా తప్పు నొకటి చెప్పుకొనవలెను. మేము పెంచిన కుక్కకు జనపనార పలుపు నొకదానిని ఇచ్చి, రాత్రియంతయు దానియొద్దనే విడిచితిమి. తెల్లవాఱుసరికి సగము పలుపు లేదు. రెండు దినములు వాంతులతో బాధపడి, శస్త్రచికిత్సతో బ్రతికినది. తాడు చెడ్డది కాదు. రాత్రి విడిచిన మేము చెడ్డవారము. కావున తాడుబొమ్మ మన చేతిలో నుండి ఆడించునదే గాని కుక్కకు అప్పగించునది కాదు.

ఇంట తాడుబొమ్మ చేయు విధము

పాత నూలు పంచెయో దుప్పటియో చాలును. సిరిసిల్ల మగ్గముల గుడ్డ మన యిండ్లలో కొదువలేదు గాని, తీసికొన్నది నూలుగుడ్డయే యగునట్లు చూచుకొనవలెను. పాలిస్టరు జారి ముడి నిలువదు. గుడ్డను వేడినీట సబ్బుతో ఉతికి ఎండబెట్టవలెను. నాలుగు వ్రేళ్ల వెడల్పు, మూడు మూరల పొడవు గల పేలికలు తొమ్మిదింటిని చింపవలెను. అన్నింటిని ఒక కొన చేర్చి గట్టి ముడి వేయవలెను. మూడేసి పేలికలను ఒక్కొక్క పేటగ తీసికొని, ఆడుబిడ్డ జడ అల్లినట్లు, సందు లేకుండ బిగువుగ అల్లవలెను. నడుమ నొక ముడి, కొన నొక ముడి వేసి బరువుగల వానిచే లాగింపవలెను. ముడి ఎంత బిగియునో పోగులు అంత ఊడవు. ముడి దాటిన కుచ్చును ఒక వ్రేలి పొడవు మాత్రముంచి మిగిలినది కత్తిరింపవలెను. ముడి కుక్క గొంతున పట్టనంత లావుగ నుండవలెను. తడిపి విసరినచో దూరముగ పోవును, వేసవిలో నోటికి చల్లగను ఉండును. ఇట్టివి రెండు చేసి, ఒకటి ఉతికి ఆరవేసినప్పుడు రెండవది వాడవలెను.

ఆట నేర్పు విధము

వస్తువు ఎంత మంచిదైనను నేర్పని కుక్కకు అది చెత్తలో నొకటి. ఈ క్రింది విధమున నేర్పవలెను.

ఆటవస్తువు ఎల్లప్పుడును ఒకటియో రెండో ఉండవలెను. అవి ఇంటివారి చేతి వాసన గలవై యుండవలెను. ఆట ముగిసిన వెంటనే దండెమునకు గాని దూలమునకు గాని వ్రేలాడదీయవలెను. కుక్కకు ఎప్పుడును దొరకునది దానికి చులుకన యగును. యజమాని చేతినుండి మాత్రమే వచ్చునది విలువగల దగును.

మొదట నాలుగడుగుల దూరము విసరి "తే" అనవలెను. తెచ్చినప్పుడు నోటినుండి గుంజుకొనరాదు, గుంజినకొలది బిగించును. చిన్న రొట్టెముక్క చూపి "విడు" అనవలెను. విడిచిన వెంటనే ముక్కయు, మెచ్చుకోలును, మరల ఆటయును. మూడు దినములలో చుఱుకైన కుక్క ఈ బేరమును గ్రహించును. ఆ పిమ్మట దారిలో రాయి, ఎముక, సీసా నేలమీద పెట్టి, కుక్క మెడత్రాడు చేత పట్టి, అది మూతి చాచినప్పుడు "విడు" అని, మానినప్పుడు దాని బొమ్మను విసరవలెను. ఇట్లు దినమునకు అయిదు నిమిషములు నెలదినములు చేసినచో, తనది కాని దానిని నోట పెట్టకుండుట అలవాటగును. మోతికి తెలియనిది ఈ ఒక్క మాటయే. అయినను కొవ్వు వాసన ముందు ఏ కుక్క నేర్పును పూర్తిగ నమ్మదగినది కాదు. పందిబాంబుల భయము గల చోట రాత్రి కుక్కను పెరటిలోనే కట్టియుంచవలెను.

కాలము విషయమున జాగ్రత్త అవసరము. రామగుండము, ఆదిలాబాదు ప్రాంతములలో వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరుట కలదు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి చల్లదనము. బలమైన కుక్క ఆట మానుమని తానై చెప్పదు, పడిపోవువఱకు పరుగెత్తును. వేసవిలో సూర్యోదయమునకు ముందును, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటను మాత్రమే ఆడింపవలెను. అరచేతి వెనుకభాగమును నేలపై పెట్టి, ఏడెక్కించునంతసేపు ఓర్వలేనిచో ఆ నేల కుక్క కాలికిని తగదు. పది పదునైదు నిమిషములు ఒక్కమాటు చాలును. నీళ్లతొట్టి దగ్గఱనే యుండవలెను. కుక్క మామూలు వేడి 101 మొదలు 102.5 ఫారన్‌హీటు డిగ్రీలు. 105 దాటినచో ప్రాణాపాయము. తూలుచు, చొంగ కార్చుచు, చిగుళ్లు ఎఱ్ఱబడినచో నీడకు చేర్చి, ఒడలంతయు నీటితో తడిపి, విసరుచు వైద్యునికడకు తీసికొనిపోవలెను.

కడుపునిండ గటుక పెట్టిన వెంటనే ఆడింపరాదు, గంటసేపైనను ఎడమీయవలెను. ఏడాది నిండని పిల్లను ఎత్తుకు ఎగిరి పట్టునట్లు ఆడించినచో కీళ్లు చెడును, నేలబారున దొర్లింపవలెను. ఒరలేని దిగుడుబావి, రోడ్డు, కరెంటు స్తంభపు తీగలు దగ్గఱ విసరరాదు. పసిపిల్లలను ఒంటరిగ ఆడనీయరాదు.

పరిశీలన, ప్రథమచికిత్స

ప్రతి ఆదివారము బొమ్మను చేత పట్టి వంచి చూడవలెను. పగులు, ఊడిన పోగు, లేచిన పెచ్చు కనబడినచో జాలిపడక పారవేయవలెను. చావని వస్తువు లోకమున లేదు; చావకముందే తీసివేయుట మన పని. రబ్బరు బొమ్మను సబ్బునీట కడిగి నీడలో ఆరవేయవలెను. ఎండ రబ్బరును చీల్చును.

కుక్క ముక్క మ్రింగిన దనుకొన్నచో ఈ గుర్తులు చూడవలెను: మాటిమాటికి వాంతి, మేత విడుచుట, పెంట వేయకపోవుట, కడుపు ముట్టనీయకపోవుట, ముందుకాళ్లు చాచి వీపు వంచి నిలుచుట. నోటనుండి గాని వెనుకనుండి గాని దారము కనబడినచో లాగరాదు. లాగినచో ప్రేగు తెగును. నూనె త్రాగించుట, ఉప్పునీరు పోయుట వంటి నాటు పద్ధతులు మాని ఆనాడే పశువైద్యుని చూపవలెను.

ఆటలో పన్ను తగిలి మనకు గాయమగుట కలదు. "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అను సామెత కుక్కను కొట్టుటకు పనికివచ్చునేమో గాని మనలను బ్రతికింపదు. గీత పడినను చాలు. కాఱునీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, పసుపు, కారము, సున్నము ఏదియు పెట్టక, వెంటనే ఆసుపత్రికి పోయి వైద్యులు చెప్పిన తేదీలలో టీకాలన్నియు వేయించుకొనవలెను. పిచ్చికుక్క రోగము బయటపడిన పిమ్మట చికిత్స లేదు. ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు 1885 జూలై 6న ఒక బాలునికి మొదట ఈ టీకా వేసెను. ఆ తేదీయే జంతువులనుండి మనుష్యులకు వచ్చు వ్యాధుల దినముగ పాటింపబడుచున్నది. ఆటబొమ్మ కొనుటకు ముందు కుక్కకు టీకా వేయించితిమా అని ప్రతివారును తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

సంఘములు చేయదగినది

ముల్కనూరులో 1956లో స్థాపితమైన సహకార సంఘము, విత్తనమునుండి విక్రయమువఱకు కలిసి చేసినచో రైతునకు ఎంత లాభమో చూపినది. కుక్కల విషయమునను కలిసి చేయదగిన పనులు మూడు కలవు. ఒకటి, గ్రామములోని కుక్కలకన్నింటికి ఒకే దినమున టీకా వేయించుట. రెండు, మంచి రబ్బరు బంతులను సభ్యులకొఱకు ఒక్కమాటుగ కొనుట. చిల్లరగ కొన్నప్పటికంటె వెల తగ్గును, సరకును పరీక్షించి తీసికొనవచ్చును. మూడు, ఊరి యెల్లలలో నాటుబాంబు గాని కరెంటు తీగ గాని పెట్టరాదని సభ్యులందఱు తీర్మానము చేసి, పంచాయతి గోడమీద వ్రాయుట. ఈ మూడింటిలో మూడవదే ముఖ్యము. తక్కిన రెండును దాని తరువాతివే.

పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరు 11న విభజింపబడి పెక్కు జిల్లాలైనను, అడవియు చేనును కుక్కయు ఒక్కటే. ఇందలి విషయములను ఆచరించి చూచిన సభ్యులు తమ అనుభవములను, మా పొరపాట్లను సంఘ కార్యాలయమునకు తెలిపినచో వానిని ఈ పత్రికలో ప్రకటింతుము. ఈ పక్షమున మీరు చేయవలసిన దొక్కటే: ఇంటి పెరటిలోను చేనిగట్టునను తిరిగి, మీ కుక్క నోటికి అందు సీసాలు, బెండ్లు, టెంకలు, ఎముకలు ఏరి తీసివేయుడు. ఆ పిమ్మట బొమ్మ సంగతి.